ముట్టకూడని గేరు

పేడ ఎత్తి, ఆవుల్ని కడిగాక శివరంజని రోజూ కారు తుడుస్తుంది. ముట్టు రోజుల్లో ఆ ఒక్క పనీ ఉండదు. గేరుకు అత్త నంజమ్మ గుడి నుంచి తెచ్చిన పసుపుతాడు కట్టి ఉంది, అందుకని. పేడకూ, పెరటి పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాచడానికీ మాత్రం పెళ్లయినప్పటి నుంచీ ఏ ముట్టూ అడ్డం రాలేదు.

ఆ పొద్దున ఆ ఆటోమేటిక్ కారు ఇంటి గేటు మధ్యలో బ్యాటరీ పోయి ఆగింది, గేరు బిగుసుకుపోయింది. మొగుడు మణివణ్ణన్ దాన్నలాగే వదిలేసి, దూడను తోలుకుని కారిమంగళం సంతకు పోయాడు. కాసేపటికే నంజమ్మ పాలచెంబుతో సహా పాకలో కూలింది. మూతి ఒక పక్కకు పోయింది. శివరంజని ముందు ఆంబులెన్సుకు ఫోన్ చేసింది, తర్వాత మొగుడికి. గేటులో మనిషి పక్కకు తిరిగి దూరేంత సందే ఉంది. స్ట్రెచర్ ఎట్లా వస్తుంది?

"గేరు పక్కన చిన్న మూత ఉండాది. అది పీకి, లోపల ఏదన్నా గుచ్చి నొక్కితే న్యూట్రల్‌కు వస్తాది. బ్రేకు తొక్కి పట్టుకోవాల," అన్నాడు మణివణ్ణన్ ఫోన్‌లో. అంతలోనే గొంతు మార్చాడు. "నువ్వు బయటుండావు గదా. తాకొద్దు. చంద్రును పిలు."

పక్కింటి చంద్రు తెల్లారే సెంట్రింగు పనికి పోయాడు. శివరంజని కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. అత్త అక్కడ గురక పెడుతుంటే తాను ఇక్కడ తాడుకు భయపడుతోంది. తన మీద తనకే రోత పుట్టింది. వంటింట్లోకి దూరి స్పూను తెచ్చింది. ఎన్నడూ కూర్చోనివ్వని సీట్లో కూర్చుంది. తాళం తిప్పి, బ్రేకు తొక్కి, మూత పీకి, స్పూను కాడతో నొక్కింది. గేరు కదిలింది. తాడు ఆమె పిడికిట్లో నలిగింది. హ్యాండ్ బ్రేకు దించి, దిగి, భుజం ఆనించి తోసింది.

గేటు ఖాళీ అయ్యేసరికి ఆంబులెన్సు వచ్చింది. వేళకు తెచ్చారు గనక బతికిందని ధర్మపురి డాక్టరు చెప్పాడు.

ఇంటికి వచ్చిన రోజు నంజమ్మ గడప బయటే ఆగింది. మాట ఇంకా ముద్దగానే ఉంది.

"బయటుండి బండి తాకినావంట గదే?"

"తాకినాను అత్తా. నిన్ను గూడా తాకినాను. పాకలోంచి ఎత్తింది నేనే."

ఆ ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని శివరంజని చూసింది. నంజమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ముట్టులో అది తాకిన ఈ ఒంటితో లోపలికి రానురా. స్నానం చెయ్యాల. నీళ్లు కాచమను."

మణివణ్ణన్ పెళ్లాం వైపు చూశాడు. శివరంజని పెరట్లోకి పోయి పొయ్యి రాజేసింది.