సీటు కింది బోల్టు

క్రేనువాడు జీపుని గ్యారేజీ ముందు దించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. కోటయ్య మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. శుభ్రంగా ఉన్న పానానే నూనెగుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాడు. ఇరవైమూడు రోజులుగా ఈ బండి ఎక్కడ తన ముందుకొస్తుందోనని హడలిపోతూనే ఉన్నాడు. వచ్చి కూర్చుంది.

ఆకుపచ్చ జీపు. పైకప్పు దాకా బురద చార ఎండిపోయి ఉంది. వెనక తలుపు అద్దం లేదు, దాన్ని ఎవరో రాయి పెట్టి పగలగొట్టారు. లోపల్నించి మురుక్కాలవ కంపు.

జీపు వెనకే ఆటోలో వరుణ్ దిగాడు. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. ముప్ఫై రెండేళ్ళవాడు, యాభై ఏళ్ళవాడిలా నడుస్తున్నాడు.

"అంకుల్, దీన్ని తుక్కుకిచ్చేస్తున్నాను. సీటు కింద మీరు బిగించిన కంప్రెసర్ తీసేసుకోండి. ఇంకెవరి బండికైనా పనికొస్తుంది" అన్నాడు.

ఇంకెవరి బండికైనా!

పొద్దున్నే వరుణ్ భార్య శరణ్య ఫోన్ చేసింది. "అంకుల్, ఆయన మీ దగ్గరికొస్తున్నారు. కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఆయన్ని ఒక్కర్నే వదలాలంటే భయంగా ఉంది. బాల్కనీ తలుపుకి తాళం వేసి, చెవి నా దగ్గరే పెట్టుకుంటున్నాను" అంది. వాళ్ళది పదకొండో అంతస్తు. కోటయ్యకి అర్థం కావడానికి అంతకంటే ఏం చెప్పాలి?

కోటయ్యది నరసరావుపేట. ఇరవై రెండేళ్ళు మిలటరీలో బళ్ళు బాగుచేసి, హవల్దారుగా బయటికొచ్చి, ఢిల్లీని ఆనుకున్న వైశాలిలో ఈ గ్యారేజీలో చేరాడు. కొండలూ ఇసకలూ ఎక్కే ఫోర్ వీల్ బళ్ళకి కావలసిన సామాన్లు ఇక్కడ బిగిస్తారు. మంచి పనివాడే కానీ, నోరు కాస్త పెద్దది. వచ్చిన ప్రతివాడికీ ఒకటే పాఠం. "మిలటరీలో మొదటిరోజే నేర్పుతారు బాబూ, బండిలో ఏది బిగించినా ముందు మనిషి బయటికొచ్చే దారి చూసుకోవాలి. తక్కినవన్నీ ఆ తరవాతే." హిందీవాడొస్తే హిందీలో చెప్పేవాడు, తెలుగువాడొస్తే తెలుగులో. చెప్పీ చెప్పీ తనకే అలవాటైపోయి, ఆ మాట తన చెవికి ఎక్కడం మానేసింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం వరుణ్ మొదటిసారి వచ్చాడు. సాకేత్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాపురం వైశాలిలోనే. రాజస్థాన్ ఇసకలోకి పోవాలని వాడి సరదా. ఇసకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి సగానికి సగం తీసెయ్యాలి, మళ్ళీ తారురోడ్డెక్కే ముందు నింపుకోవాలి. నింపడానికి బండిలోనే చిన్న కంప్రెసర్ ఉండాలి. కొనుక్కొచ్చాడు సరే, ఎక్కడ బిగించాలి?

అదిగో, అక్కడ మొదలైంది. బానెట్ కిందంటాడు వరుణ్, వీడియోల్లో అలాగే ఉందట. "ఢిల్లీ మే నెల ఎండకి తోడు ఇంజను వేడి, రెండేళ్ళలో ఉడికి చస్తుంది" అన్నాడు కోటయ్య. పోనీ బండి అడుగున? బురదా నీళ్ళూ. పోనీ వెనక డిక్కీలో? సామానుకి చోటుండదు, దుమ్ము సరేసరి. కాగితం మీద బొమ్మలేశారు, టేపు పెట్టి కొలిచారు, రెండుసార్లు టీ తాగారు, మధ్యాహ్నం కరిగిపోయింది. ఆఖరికి ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. డ్రైవరు పక్క సీటు కింద. పొడిగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, నీళ్ళలోకి దిగినా తడవదు.

నీళ్ళలోకి దిగినా తడవదు. ఆ మాట అన్నది కోటయ్యే.

అప్పటికే వరుణ్ వాళ్ళమ్మ ఛాయాదేవి ఈ-రిక్షాలో దిగింది. చేతిలో సంచీ, సంచీలో నాలుగు నిమ్మకాయలు, కర్పూరం, కుంకుమ. మోకాలి ఆపరేషనైన మనిషి, భారీ మనిషి. కోటయ్య ఊరిపేరు వినగానే మొహం వెలిగిపోయింది. "నరసరావుపేటా! మాది చిలకలూరిపేటండీ అన్నయ్యగారూ! ఈ ఊళ్ళో మన మాట విని ఎన్నాళ్ళైందో!" అంది. పది నిమిషాల్లో చుట్టరికం కలిసిపోయింది. ఆ తరవాత గడియారం చూసి కంగారు పడింది. "అన్నయ్యా, ఇవాళ ఆదివారం. నాలుగున్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. కొత్త బండి, ఆలోపు ఇక్కణ్ణించి కదలాలి."

గ్యారేజీ ఓనరైతే నవ్వి ఊరుకునేవాడు. కోటయ్య నవ్వలేదు. రాహుకాలం అనగానే కోటయ్య చెయ్యి తనంతట తనే వేగం పుంజుకుంది. అప్పటికి మూడూ యాభై. ఆ కంప్రెసర్ని బండి నేల మీద విడిగా నిలబెట్టాలంటే కింద కొత్త ప్లేటు వేసి వెల్డింగ్ చెయ్యాలి. రెండు గంటల పని. దగ్గర దారి ఒకటుంది. కంప్రెసర్ క్లాంపుని సీటు వెనక కాలికీ, నేల మీది హుక్కుకీ కలిపి ఒకే బోల్టుతో బిగించెయ్యడం. పిడుగు పడినా ఊడదు. కానీ ఆ సీటిక ముందుకి మడవదు. ఆ జీపుకి పక్కన రెండే తలుపులు. వెనక కూర్చున్నవాళ్ళు వెనక తలుపులోంచి దిగాలి, లేదా పక్క సీటు లీవరు లాగి, సీటు మడిచి, ముందు నుంచి దిగాలి. ఆ రెండో దారి మూసేస్తున్నానని కోటయ్యకి తెలుసు. బోల్టు బిగిస్తూ బిగిస్తూనే తెలుసు. వారం రోజులే కదా అనుకున్నాడు.

"వచ్చే ఆదివారం ఓసారి తీసుకురా బాబూ, చిన్న పని మిగిలింది" అన్నాడు. ఏం పనో చెప్పలేదు. ఎలా చెప్తాడు? నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆవిడ కర్పూరం వెలిగించి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. శుభమా అని బండి కదులుతుంటే, రేపేదైనా అయితే ఈ సీటు లేవదమ్మా అని నోటితో ఎలా అనడం? బండి కదిలింది. నిమ్మకాయలు నలిగాయి. ఛాయాదేవి చప్పట్లు కొట్టింది.

ఆ ఆదివారం వరుణ్ రాలేదు. ఫోన్ చేస్తే ఆఫీసు పనన్నాడు. మరుసటి ఆదివారమూ అంతే. కోటయ్య ఇంకోసారి ఫోన్ చెయ్యలేదు. మేలో ఛాయాదేవి తనే వచ్చింది, గోంగూర పచ్చడి సీసా పట్టుకుని. "బండి భలే ఉందన్నయ్యా. నాకోసం వెనక తలుపుకి మెట్టు కూడా పెట్టించాడు. మావాడికి మీరంటే ఎంత గురో" అంది. నాలిక చివర దాకా వచ్చింది మాట. అంత గురి మీద మట్టి పోసుకోవడం ఇష్టంలేక మింగేశాడు దొంగసచ్చినోడు! పచ్చడి మాత్రం నెలరోజులు తిన్నాడు.

జూలైలో, శనివారం మధ్యాహ్నం. సాకేత్‌లో చీరలు కొనుక్కుని ముగ్గురూ తిరిగొస్తున్నారు. శరణ్య ముందు, ఛాయాదేవి వెనక. గంటన్నర నుంచి కుండపోత. వంతెన కింది అండర్‌పాస్‌లో నీళ్ళున్నాయని కార్లన్నీ ఆగిపోతే, మనది ఫోర్ వీల్ కదా అని వరుణ్ దింపాడు. నడిమధ్యలో ఇంజను ఆగింది. రెండు వైపుల నుంచీ నీళ్ళు దూకాయి. వరుణ్, శరణ్య చెరో కిటికీలోంచి బయటపడ్డారు. వెనక తలుపుని నీళ్ళు అదిమిపట్టేశాయి, వెనక అద్దాలు దిగేవి కావు. పైనున్నవాళ్ళు ఈదుకొచ్చి అద్దం పగలగొట్టేసరికి అంతా అయిపోయింది. ఎవరో తీసిన వీడియో గ్యారేజీ ఓనరు ఫోన్లో చూపిస్తే, జీపు రంగు చూసి కోటయ్య పోల్చుకున్నాడు.

"టీ తెస్తాను అంకుల్" అని వరుణ్ రోడ్డు దాటాడు.

కోటయ్య పక్క తలుపు తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లోపల చెయ్యి పెట్టాడు. ఉంది బోల్టు, తుప్పు పట్టి, బురదలో. పానా పెట్టి ఒక్క ఊపు ఊపాడు. కదిలింది. విప్పేస్తే ఇక ఎవరికీ తెలీదు. పోలీసులకి పట్టలేదు, ఇన్సూరెన్సువాడికి పట్టలేదు. బండి రేపీపాటికి తుక్కు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో జైలేంటి తనకి? ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు. మూడోది.

"అంకుల్, ఒక మాట అడగనా?"

ఉలిక్కిపడ్డాడు. వరుణ్ రెండు గ్లాసులూ నేల మీద పెట్టి, పక్కన పడున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

"ఆ సీటు లీవరు ఎటు లాగాలి? పైకా, వెనక్కా?"

"పైకి" అన్నాడు కోటయ్య.

"పైకే లాగాననుకుంటాను. లాగానా? శరణ్య లాగావంటుంది, నాకే నమ్మకం లేదు. కిటికీలోంచి సగం లోపలికి దూరి పట్టుకున్నాను. అమ్మ మెడదాకా నీళ్ళల్లో నావైపే చూస్తోంది. 'లాగు నాన్నా' అంది. రెండుసార్లంది." వరుణ్ తన కుడిచేతిని ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "చిన్నపిల్లలు కూడా లాగేస్తారు కదా ఆ లీవరు. నాకు చేతకాలేదు. భయపడ్డాను అంకుల్, వేళ్ళు బిగుసుకుపోయాయి. అమ్మని నా చేత్తోనే చంపుకున్నాను. ఈ చేత్తో అన్నం కలపలేకపోతున్నాను. ఇంకెన్నాళ్ళు ఇలా?"

ఆఖరి మాట చాలా మామూలుగా అన్నాడు. అదే కోటయ్యని భయపెట్టింది. పదకొండో అంతస్తు గుర్తొచ్చింది, తాళం చెవి గుర్తొచ్చింది. ఒరేయ్ కోటయ్యా, తల్లిని తిన్నావు, కొడుకునీ తింటావా?

లోపలున్న చెయ్యి మళ్ళీ కదిలింది. విప్పిన మూడు చుట్లూ వెనక్కి తిప్పాడు. కిర్రుమనేదాకా బిగించాడు. పానా బయటికి తీసి లేచాడు.

"ఇలా రా బాబూ. ఆ లీవరు లాగు."

"వద్దంకుల్."

"రా అంటున్నానా!" మిలటరీ గొంతుతో అరిచాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. వరుణ్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, లీవరు మీద పెట్టాడు.

వరుణ్ లాగాడు. లీవరు పైకొచ్చింది. కింద కొక్కెం టక్కున విడిపోయిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. సీటు కదల్లేదు.

"రెండు చేతులూ పెట్టు. కాలు తన్నిపెట్టి లాగు."

లాగాడు. మెడ నరాలు తేలాయి. బండి ఊగింది గానీ సీటు ఊగలేదు.

"ఆ రోజూ లాగావు బాబూ. నీ చెయ్యి చెయ్యవలసిన పని చేసింది. సీటు నేను లేవనివ్వలేదు." కోటయ్య వంగి, వరుణ్ చూస్తుండగా బోల్టు పూర్తిగా విప్పాడు. తుప్పు బోల్టు అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇప్పుడు లాగు. ఒక్క వేలు చాలు."

సీటు టప్పున ముందుకి లేచింది. వెనకాల ఒక మనిషి సుళువుగా బయటికొచ్చేంత దారి ఏర్పడింది. ఇద్దరూ ఆ ఖాళీలోకి చూస్తూ నిలబడ్డారు.

"ఇది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"అమ్మ పచ్చడి తెచ్చిన రోజు?"

"ఆ రోజూ తెలుసు."

వరుణ్ సీటు దించాడు. మళ్ళీ లేపాడు. దించాడు, లేపాడు. అప్పుడు అడిగాడు, "ఆ ఆదివారం మేం ఇక్కణ్ణించి కదిలేసరికి టైమెంత?"

"నాలుగూ ఇరవై రెండు."

"రాహుకాలానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. వెనక ఎవర్నీ కూర్చోబెట్టకు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది అంకుల్?"

వాచిపోయేలా కొడితే బాగుండునని కోటయ్య అనుకున్నాడు. వరుణ్ కొట్టలేదు. ఫోన్ తీశాడు.

"శరణ్యా, నేను లాగాను" అన్నాడు. "లాగాను శరణ్యా. నిజంగానే లాగాను." అంతే, గ్యారేజీ గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. తల్లి పోయాక వాడు ఏడవడం అదే మొదలని కోటయ్యకి తరవాత తెలిసింది.

రోడ్డు మీద జనం పోగై పలచబడ్డాక వరుణ్ లేచాడు. మొహం తుడుచుకున్నాడు. ఆటోని పిలిచి, పోలీస్ స్టేషన్ పేరు చెప్పాడు. కోటయ్య చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఏమీ అడక్కుండా వెళ్ళి ఆటోలో పక్కన కూర్చున్నాడు. అరచేతిలోని బోల్టు వరుణ్‌కి ఇవ్వబోయాడు.

"నాకొద్దు. అక్కడ మీరే ఇవ్వండి" అన్నాడు వరుణ్. రోడ్డు వైపు తిరిగి అన్నాడు, "మా అమ్మ మిమ్మల్ని అన్నయ్యా అని పిలిచింది."

కోటయ్య గుప్పిట మూసుకున్నాడు. ఆటో కదిలింది.