పేరు రాసి ఉన్న పెట్టె

వినాయకుణ్ణి సరూర్‌నగర్ చెరువులో కలిపి వచ్చిన వారంలోపే మా ఇంట్లో రాబోయే పండుగల మీద చర్చ మొదలయ్యేది. బొడ్డెమ్మ, బతుకమ్మ, దసరా, దీపావళి ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకోవాలని మా అత్తమ్మ పట్టుదల. తేలేదేమీ ఉండదు. పోయినేడు ఎవరు ఏ పని పాడు చేశారో చెప్పుకుని నవ్వుకోవడంతోనే సరిపోయేది.

అరవై తొమ్మిదిలో కూడా కూర్చున్నాం. ఆ ఏడు నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. జనవరి నుంచీ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూలు. బడులు మూతపడి, మా అమ్మాయి భూలక్ష్మి ఏడో తరగతిలో ఉందో ఎనిమిదిలో ఉందో మాకే సరిగ్గా తెలియదు. సర్కారు ఆఫీసులో గుమస్తాగా ఉన్న మా మరిది మల్లేశం సమ్మెలో దిగి, పద్దెనిమిది రోజులు చంచల్‌గూడ జైల్లో ఉండి వచ్చి, మా దగ్గరే ఉంటున్నాడు. అందుకే ఈసారి ఏ పండుగా తగ్గించేది లేదని అత్తమ్మ ముందే చెప్పేసింది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ముందు గదిలో చేరాం. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. పరీక్షలు లేక చేయి ఊరుకోలేదేమో, భూలక్ష్మి పండుగల పనులన్నీ ప్రశ్నపత్రంలా రాసుకొచ్చింది.

"ఒకటో ప్రశ్న. నాయిన ఈసారి జమ్మి తెస్తడా, తుమ్మ తెస్తడా? మార్కులు పది."

మా ఆయన బిక్షమయ్య గ్లాసు కింద పెట్టాడు. పోయిన దసరాకు ఆయన ఎల్.బి. నగర్ దాటి ద్రాక్షతోటల అవతలికి సైకిలు మీద పోయి, ఇంత కొమ్మ నరుక్కొచ్చి, జమ్మి బంగారం అంటూ వీధంతా పంచాడు. అందరూ అలాయిబలాయి అంటూ కౌగిలించుకున్నారు. చివరికి కొత్తపేట ముసలాయన ఒకరు ఆకును వెలుతురుకు పట్టి చూసి, ఇది తుమ్మ కదయ్యా అన్నాడు. అప్పటికే ఇరవై ఇళ్లవాళ్లు దాన్ని దేవుడి గూట్లో దాచుకున్నారు. మా ఆయన రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. సిమెంటులో ఇసుక ఎక్కువైతే చూపుతోనే పట్టేస్తాడు కానీ, చెట్లన్నీ ఆయనకు ఒక్కటే.

రెండో ప్రశ్న మల్లేశం మీద. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు, బతుకమ్మను నీళ్లలో వదలకముందే నైవేద్యానికి చేసిన నువ్వుల సద్ది సగం తినేసింది ఎవరు? మల్లేశం ఏమాత్రం తడుముకోకుండా, జైల్లో పద్దెనిమిది రోజులు నీళ్లపప్పు తాగినవాడినని, ఈసారి నువ్వులతో ఆగనని, పల్లీల సద్ది కూడా తనదేనని ముందే చెప్పేశాడు. దీపావళికి బాంబులు కొనాలా అన్న ప్రశ్నకు అత్తమ్మ జవాబు చెప్పింది. ఈ ఏడు వినవలసిన చప్పుళ్లన్నీ వినేశామని, కాకరపూవొత్తులు చాలని. ఆడపిల్లలు మట్టితో కట్టే బొడ్డెమ్మకు పుట్టమన్ను తెచ్చే పని మా ఆయన మీద పడింది. మట్టిలో పొరపాటు పడటానికి ఏమీ ఉండదు కదా అని మల్లేశం అన్నాడు.

"ఆరో ప్రశ్న," అన్నది భూలక్ష్మి. "అమ్మాజీ అత్తమ్మ బొమ్మలను ఎండకు పెట్టేది ఎవరు?"

బియ్యంలో నా వేలు ఆగిపోయింది.

అమ్మాజీగారు మా పక్కింటివాళ్లు. తెనాలి వాళ్లు. ఆమె భర్త సాంబమూర్తిగారి ఉద్యోగం రీత్యా వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా ప్లాట్లు పడ్డప్పుడు మాతోపాటే ఇల్లు కట్టుకున్నారు. దసరాకు ఆమె తొమ్మిది మెట్ల మీద బొమ్మల కొలువు పెట్టేది. ఆమె నాయనమ్మ నాటి మట్టిబొమ్మలు, కాల్చనివి, రంగులు వేసినవి. రాజూ రాణీ, పెళ్లి పల్లకీ, తక్కెడ పట్టుకున్న శెట్టిగారు, ఆకు మీద పడుకున్న నీలం రంగు కృష్ణుడు. వీధిలో ఆడవాళ్లం మా బతుకమ్మ ఆట అయ్యాక ఆమె ఇంటికి పోయి శనగలు తిని, బొమ్మలు చూసి వచ్చేవాళ్లం.

జూన్‌లో గొడవలు ముదిరి, వాళ్లు కొన్నాళ్లు తెనాలి పోదామనుకున్నప్పుడు, బొమ్మల పెట్టె నా దగ్గర పెట్టిపోయింది. పాత రేకు పెట్టె. మూత మీద తెల్ల రంగుతో 'కె. సాంబమూర్తి, తెనాలి' అని పెద్ద అక్షరాలు. "నీ ఇంట్లో ఉంటే నా ఇంట్లో ఉన్నట్టే," అని మాత్రం అన్నది.

మొదట ముందు గదిలోనే పెట్టాను. నాలుగు రోజులకు మల్లేశం జైలు నుంచి వస్తున్నాడని తెలిసింది. అతనితో స్నేహితులు వస్తారు, అందరూ కోపంలో ఉన్నవాళ్లు. ఆ పేరు, ఆ ఊరు చూసి ఏమనుకుంటారోనని నాకు భయం పట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ అడగలేదు. నేనే, అత్తమ్మ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, పెట్టెను ఈడ్చుకుపోయి పెరట్లో కట్టెల కొట్టంలో, పిడకల వెనక పెట్టాను. మీద ఒక దుప్పటి కప్పి ఇంట్లోనే ఉంచితే సరిపోయేదని ఆ రోజు తోచలేదు. తరవాత చాలాసార్లు తోచింది.

కొట్టం రేకులకు చిల్లులున్నాయని నాకు తెలుసు. జూలైలో వానలు పడ్డాయి. మల్లేశం స్నేహితులు రోజూ వచ్చి చాయ్ తాగి పోయేవారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ నేను కొట్టం వైపు పోలేదు. వినాయక చవితి ముందు రోజు కట్టెల కోసం పోతే పెట్టె అడుగు తుప్పు పట్టి, చుట్టూ చీమలు. మూత తీశాను. చుట్టిన పాతచీరలన్నీ బురద. రంగు రంగుల బురద. చేత్తో కలియబెడితే కృష్ణుడి నీలం వేళ్లకు అంటింది. శెట్టిగారి చెక్క తక్కెడ ఒక్కటి చేతికి వచ్చింది.

మూత వేసేసి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వారం తరవాత అమ్మాజీగారికి ఉత్తరం రాశాను. కోఠీ మహిళా కళాశాలలో వ్యాసరచనకు బహుమతి తీసుకున్న చేయి నాది. మూడుసార్లు చింపి నాలుగోసారి రాసింది నాకే నచ్చింది. భారీ వానలకు మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయని, ఎంత ప్రయత్నించినా బొమ్మలను కాపాడలేకపోయామని. ఒక్క అక్షరదోషం లేదు.

"జవాబు నాకు తెలుసు," అన్నది భూలక్ష్మి. పుస్తకంలోంచి ఒక కవరు తీసింది. పగలు పోస్టుమాన్ ఇచ్చాడట, అందరి ముందు చదవాలని దాచిందట. "అమ్మాజీ అత్తమ్మ ఉత్తరం. ఆమెనే వస్తున్నదేమో. ఆమె బొమ్మలు ఆమెనే ఎండకు పెట్టుకుంటది."

నేను లేచి అందుకోబోయాను. ఒళ్లో చేట ఉంది. అప్పటికే కవరు చింపేసింది.

"చిరంజీవి లక్ష్మీసమానురాలు యాదలక్ష్మికి. మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయని చదివిన దగ్గర్నుంచీ మాకు అన్నం సయించట్లేదు. బొమ్మల గురించి అంతలా రాశావేంటమ్మా, మట్టి బొమ్మలు ఎన్నాళ్లుంటాయి. భూలక్ష్మి తడినేల మీద పడుకుంటోందా? పిన్నిగారికి అసలే కీళ్లనొప్పులు, మంచం ఎత్తుగా వేయించండి. బిక్షమయ్యగారు అంత కష్టపడి వేయించిన కప్పు అలా ఎలా అయిందో అని మీ అన్నయ్యగారు ఒకటే బాధ. మీ బియ్యం తడిసిపోయి ఉంటాయి. వచ్చే గురువారం బస్సులో ఒక బస్తా వేసుకుని వస్తున్నాం."

భూలక్ష్మి గొంతు చివరికి వచ్చేసరికి సన్నగిల్లింది. మా ఆయన తల ఎత్తి కప్పు చూశాడు. ఆ స్లాబు పోసినప్పుడు ఇరవై ఒక్క రోజులు పొద్దునా సాయంత్రం తనే నీళ్లు పట్టాడు. తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. ఆయన ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసుకుంటూ పోయాడు, ఎక్కడైనా కనిపిస్తే బాగుండునన్నట్టు.

అత్తమ్మ నా చేటలోని పొడి బియ్యం వైపు చూసింది. "మన ఇంట్లకు నీళ్లు ఎప్పుడొచ్చినయ్ బిడ్డా?"

చెప్పాను. కొట్టం సంగతి, పేరు సంగతి, ఎందుకు దాచానో. చెప్తున్నంతసేపూ మల్లేశం వైపు చూడకూడదనుకున్నాను. చూడకుండా ఎలా చెప్పను, కారణం అతనేనని చెప్తూ.

అతను గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ తిప్పాడు.

"నన్ను జూసి దాసినవా వదినె?" అన్నాడు. "నేను కొట్లాడింది సర్కారుతోని. గా శెట్టి బొమ్మతోని నాకేం పంచాది?"

అతను లేచాడు.

"జైలుకు పోయే ముందల అమ్మాజీ వదినె నాకు డబ్బ నిండ పులిహోర కట్టిచ్చింది. నీకు చెప్పలె గంతే."

ఆ రాత్రి అతను అన్నం తినలేదు. సద్దుల మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెట్టె ముందు గదిలో ఉంది. పిడకల దుమ్ము తుడిచి, పేరు గుమ్మానికి ఎదురుగా ఉండేట్టు పెట్టి, ఆఫీసుకు పోయాడు. ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ వారమంతా ఆ పేరు చదివారు. మల్లేశం స్నేహితులు కూడా చదివారు. ఒకతను దాని మీద కూర్చుని చాయ్ తాగాడు.

నేను నిజం రాసి ఇంకో ఉత్తరం వేస్తే గురువారం లోపల అందదు. అందితే బాగుండునని, అందకపోతేనే బాగుండునని, రెండూ అనుకున్నాను. మా ఆయన ఒకసారి అడిగాడు, వాళ్లకేం చెప్తావని. ఆలోచిస్తున్నానన్నాను. ఇంకో అబద్ధం తయారుగా ఉంది కూడా. నీళ్లు వచ్చాక సున్నం కొట్టించామని. ఆయన కప్పుకు ఆ మచ్చ అంటగట్టడానికి నోరు రాలేదు.

గురువారం మల్లేశమే బస్సుకు ఎదురుపోయి బియ్యం బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. వెనక సాంబమూర్తిగారు, అమ్మాజీగారు. ఆమె చెప్పులు వదిలి గడపలో కాలు పెడుతూనే, అందరినీ పలకరించకముందే, తల ఎత్తి కప్పు వైపు చూసింది. తరవాత గోడల అడుగు చూసింది. తరవాత నన్ను.

"ఇంట్లకు నీళ్లు రాలే అమ్మాజీగారు," అన్నాను. "నేనే పెట్టెను కొట్టంల పెట్టిన. పేరు కనపడతదని."

"ఎవరికి?"

మల్లేశం బస్తా ఇంకా దింపలేదు. మెడ పక్కకు వంగిపోయి అలాగే నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసింది, పెట్టె మీది పేరు చూసింది.

"దింపు మల్లేశం, మెడ పట్టేస్తుంది," అని మాత్రం అన్నది.

పెట్టె ముందు కూర్చుని మూత తీసింది. మట్టి గట్టిపడి బీటలు వారి ఉంది. సాంబమూర్తిగారు కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆమె ఒక పెళ్ల విరిచి, అందులో నీలం మరకను బొటనవేలితో రాసి చూసింది. నేను తెచ్చిన చాయ్ చల్లారిపోయింది, తీసుకోలేదు.

"భూలక్ష్మీ, మీ బొడ్డెమ్మ రేపే కదూ? మట్టి తెచ్చుకున్నారా?"

భూలక్ష్మి వాళ్ల నాయిన వైపు చూసింది. ఆయన పుట్టమన్ను సంగతి పూర్తిగా మరిచిపోయాడు. ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్లం.

"అయితే ఇది తీసుకో," అన్నది అమ్మాజీగారు. "తడిపితే మెత్తబడుతుంది. బంకమట్టి, బాగా నిలుస్తుంది."

మర్నాడు వాకిట్లో ఆడపిల్లలు ఆ మట్టితోనే మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను కట్టారు. ఎంత పిసికినా అక్కడక్కడా ఎరుపు, నీలం పైకి తేలుతూనే ఉన్నాయి. అత్తమ్మ దాని మీద పసుపు కుంకుమ చల్లింది. పిల్లలు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. అమ్మాజీగారు కూడా రెండు చుట్లు తిరిగింది. నా పక్కకు వచ్చినప్పుడు నాకు జాగా ఇచ్చి ముందుకు పోయింది. నేను శెట్టిగారి తక్కెడను కడిగి, తుడిచి, ఆమెకు ఇచ్చాను. తీసుకుని కొంగున కట్టుకుంది.

వాళ్లు మళ్లీ పక్కింట్లోనే ఉండిపోయారు కానీ, ఆ దసరాకు ఆమె కొలువు పెట్టలేదు. మేం ఆ బియ్యం మూడు నెలలు తిన్నాం. సన్నబియ్యం, మంచివి. ఒక్క రాయి ఉండేది కాదు, అయినా నేను రోజూ ఏరేదాన్ని.

డిసెంబర్లో వాళ్లు పెళ్లికని పది రోజులు తెనాలి పోయారు. పోయే ముందు అమ్మాజీగారు మా గేటు దగ్గర ఆగి, ఎప్పటిలాగే అత్తమ్మ కీళ్లనొప్పుల సంగతి, భూలక్ష్మి చదువు సంగతి నన్నే అడిగింది. తరవాత ఇంటి తాళంచెవి కొంగుముడి విప్పి మల్లేశం చేతిలో పెట్టింది. మొక్కలకు నీళ్లు పోయమన్నది.

మల్లేశం మనిషి మంచివాడే కానీ మతిమరుపు. రెండో రోజే తాళంచెవి మా గూట్లో వదిలేసి ఆఫీసుకు పోయాడు. వాళ్ల కనకాంబరాలు ఎండకు తలలు వాల్చడం మా పెరట్లోకి కనిపిస్తూనే ఉంది. సాయంత్రం అతను రాగానే గుర్తు చేశాను. ఆ పది రోజులూ రోజూ గుర్తు చేశాను. తాళంచెవిని మాత్రం ముట్టుకోలేదు.