బాదం ఆకుల మీద పట్టా

అయినా ఈ మబ్బు దర్శి వైపే పోతుందని ఎవరు చెప్పారు, మబ్బుకి దర్శి తెలుసా, మా కల్లం తెలుసా, గాలి ఎటు తోస్తే అటు పోతుంది, కానీ గాలి ఇప్పుడు పడమరకే తోస్తోంది, కొబ్బరి మట్టలన్నీ పడమరకే వంగి ఉన్నాయి, పడమర అంటే ఈ దీవి దాటితే సముద్రం, సముద్రం దాటితే వాడరేవు, వాడరేవు దాటితే చీరాల, ఆ పైన మా ఊరు ఎంతసేపు, అనుకుంటూ పడుకుని ఉన్నాను, ఉయ్యాలలో, యాభై దాటి మీసం నెరిసిన మనిషిని, అండమాన్లో ఎక్కడో ఒక దీవి మీద రెండు చెట్ల మధ్య వేలాడుతూ, మా అమ్మాయి శ్రీదివ్య దీన్ని హ్యామక్ అంటుంది, నేను ఉయ్యాల అనే అంటాను, చెట్లకి కట్టిన గుడ్డలో మనిషి పడుకుంటే దానికి ఇంకో పేరెందుకు, పక్కన ఇంకో ఉయ్యాలలో అది ఈ మధ్యాహ్నప్పూట అప్పుడే నిద్రపోయింది, చెప్పులు వరసగా కింద పెట్టి, రెండు ఉయ్యాలల మీదా కలిపి ఒకటే పట్టా కట్టాం, నీలం పట్టా, కల్లంలో కప్పే పట్టాకి ఇది మనవరాలంత పల్చన, ఇది వానకి ఆగుతుందా అని అడిగితే, ఆగుతుంది నాన్నా, నువ్వు దాన్ని అనుమానంగా చూడకపోతే ఆగుతుంది, అంది.

పొద్దున గుట్ట మీద ఫోను పలికింది, అదే ఆఖరు సిగ్నలట, తమ్ముడు కోటేష్ ఎత్తాడు, ఇక్కడ ఎండ మండిపోతోంది అన్నయ్యా, మిరపకాయ గలగలలాడుతోంది, ఇంకో నాలుగు ఎండలు కాస్తే మూటలు కట్టేస్తాం, నువ్వు నిమ్మళంగా తిరుగు, అన్నాడు, మరి సముద్రంలో అల్పపీడనం అంటున్నారటగా అంటే, టీవీ వాడికేం పని, రోజూ అంటాడు, అని నవ్వాడు, వాడెప్పుడూ అంతే, వాన చినుకు ముక్కు మీద పడ్డాకే తల ఎత్తుతాడు, మొత్తం పంట కల్లంలో ఎర్రగా పరిచి ఉంది, ఒక్క వాన తగిలితే రంగు పోయి, బూజు పట్టి, పనికిరాని తాలు కింద పక్కన పోసుకోవడమే, ఏడాదంతా పెంచింది ఒక్క పూటలో పోతుంది, పైగా ఇక్కణ్ణించి దారి రెండుగా చీలింది, కుడి వైపు పోతే తారు రోడ్డు, బస్సు, ఇంటికి పోయే పడవ, ఎడమ వైపు పోతే అడవి, ఒడ్డు, మళ్లీ అడవి, దీవి కొసన ఉన్న లైట్‌హౌస్ దాకా ఫోనన్నది ఉండదు, అనుమతి కాగితం ఇద్దరి పేరునా ఉంది, ఒక్కరినే పోనివ్వరు, నేను కుడికి తిరిగితే అదీ తిరగాల్సిందే, సాయంత్రం లోపు చెప్పు నాన్నా, వెనక్కి పోదామంటే పోదాం, నాకేం లేదు, అంది, నాకేం లేదు అన్నదంటే చాలా ఉన్నట్టే, వాళ్లమ్మ కూడా ఇంతే, రెండేళ్లుగా ఆ లైట్‌హౌస్ బొమ్మ దాని గది గోడ మీద ఉంది, చీరాల బ్యాంకు నుంచి వచ్చి అన్నం తింటూ దాన్నే చూస్తుంది, అది నేను చూస్తూనే ఉన్నాను.

అసలు నేను రావాల్సినవాణ్ణి కాదు, దాంతో పాటు బ్యాంకులో పనిచేసే మాధురి రావాలి, ఆ పిల్ల మెట్లు దిగుతూ కాలు బెణికించుకుంది, ప్రయాణం ఆగిపోయిందని ఇది మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటే చూడలేక, నేను వస్తాలేమ్మా అనేశాను, మా ఆవిడ పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది, కోతలప్పుడు మీరు ఇల్లు కదిలితే సూర్యుడు పడమర పొడుస్తాడు, అంది, ఆ మాట అనకపోయినట్లయితే సర్ది చెప్పుకుని ఆగిపోయేవాణ్ణేమో, ఇక ఆదివారాలన్నీ వాడరేవులోనే, బ్యాగు వీపున వేసుకుని ఇసకలో నడక, సరుగుడు తోటలో ఉయ్యాల, నిలువుగా కాదు నాన్నా, ఏటవాలుగా పడుకో, అప్పుడు నడుం వంగదు, అని అది చెబుతుండగానే అటు పక్క నుంచి జారి ఇసకలో పడ్డాను, చేపలు ఎండబెట్టుకుంటున్న కరీమున్ చూసి, ఏం పెద్దాయనా, ఉయ్యాల వయసు కాదంటే విన్నారు కాదు, అంది, రొయ్యపొట్టు తిరగేస్తున్న ఆడవాళ్లందరూ నవ్వారు, నేనూ నవ్వాను, బ్యాగు సర్దడం కూడా ఒక విద్యేనని అప్పుడే తెలిసింది, నేను బరువులన్నీ అడుగున వేశాను, మూట కట్టినట్టు, అలా కాదు నాన్నా, బరువైంది వీపుకి ఆనించి పెట్టు, దూరంగా పెడితే వెనక్కి లాగుతుంది, దగ్గరగా ఉంటే నీతో పాటే నడుస్తుంది, అంది, ఎంత నేర్చుకుంది ఈ పిల్ల, ఎక్కడ నేర్చుకుంది, నాకు ఒకటే అనిపించేది, నెల తిరిగితే జీతం వచ్చే ఉద్యోగం, ఎండా వానా రెండూ ఒకటే, మన కల్లం గొడవ దీనికి వదిలిపోయింది, పోనీలే, నాతోనే ఆగితే మంచిదే, అనుకుంటూ ఎక్కడో చిన్న నొప్పి, చెప్పుకోదగ్గది కాదు.

ఉప్పు గాలి, ఆకుల చప్పుడు, కాళ్లు తీపులు తీస్తున్నాయి, నల్లరేగడిలో పుట్టి పెరిగిన కాళ్లకి ఈ వేళ్ల మీద, రాళ్ల మీద నడక కొత్త, అయినా బాగుంది, బాగుందని ఒప్పుకోవడానికి మొహమాటంగా ఉంది, అక్కడ వాళ్లు ఎండలో కాయ తిరగేస్తుంటే ఇక్కడ నేను ఊగుతున్నాను, ఉయ్యాల మెల్లగా ఊగుతోంది, మా అమ్మ బసవమ్మ కల్లం పక్కన వేప కొమ్మకి పాత చీర కట్టి శ్రీదివ్యని ఇలాగే ఊపేది, కాయ ముట్టిన చేత్తో పిల్లని ముట్టకూడదని మోచేత్తో ఊపేది, మోచేత్తో, అటూ ఇటూ, ఘాటుకి పిల్ల తుమ్మేది, తుమ్మి మళ్లీ నిద్రపోయేది.

టప్ మంది, ఎక్కడ, పట్టా మీద, ఇంకొకటి, ఇంకొకటి, కళ్లు తెరిచానో లేదో కింద అంతా ఎరుపు, నేలంతా పరిచినట్టు ఎరుపు, కాయ, కల్లం, కాయ తడుస్తోంది, కోటేష్ ఏడి, ఎవరూ లేరా, ఒరేయ్ పట్టా లాగండ్రా, నా గొంతు నాకే వినపడింది, ఉయ్యాలలోంచి ఎలా దిగానో తెలియదు, ఒక్క లాగుడుకి ఊడే ముడి అని అదే నేర్పింది, లాగాను, ఇంకో మూల లాగాను, నెత్తి మీది పట్టా మొత్తం నా చేతిలోకి వచ్చింది, ఒక కొస పట్టుకుని పరిగెత్తాను, రెండో కొస తేలిగ్గా లేచింది, ఎవరో పట్టుకున్నారు, సరిగ్గా పట్టుకున్నారు, గాలికి ఎదురు తిరగకుండా వాలుగా, కల్లంలో పని తెలిసినవాళ్లు పట్టుకున్నట్టు, ఇద్దరం కలిసి పరిచాం, నేను ఒక రాయి, అటు పక్క ఒక రాయి, మూడో మూలకి ఇంకో రాయి దొరికింది, నాలుగో మూల గాలికి లేస్తోంది, రాయి లేదు, చుట్టూ చూస్తున్నాను, అప్పుడు చూశాను, రెండో కొస పట్టుకున్నది శ్రీదివ్యే, వచ్చి ఆ మూల మీద కూర్చుంది.

కూర్చుంది, కాళ్లు ముడుచుకుని, రెండు చేతులతో అంచు అదిమి పట్టుకుని, అచ్చం ఐదేళ్లప్పుడు కూర్చున్నట్టే, అప్పుడు దానికి రాయి ఎత్తే బలం లేదు, అందరూ పరిగెత్తుతుంటే తనూ పరిగెత్తి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఒక మూల మీద కూర్చునేది, మా అమ్మ అనేది, ఈ మూలకి మన దివ్య ఉందిరా, ఇంకో మూల చూడండి, అని, వాన ఆగేదాకా లేచేది కాదు, ఇప్పుడూ లేవలేదు, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, నేను పట్టా అంచు కొంచెం ఎత్తి చూశాను, కింద బాదం ఆకులు, రాలి పండి ఎర్రబడిన బాదం ఆకులు, ఇంకేం లేదు, దాని వైపు చూశాను, అదీ ఆకుల వైపే చూస్తోంది, వెనక మా ఉయ్యాలలు రెండూ నీళ్లు నిండి కాలవ తూముల్లా కారుతున్నాయి, దుప్పట్లు పోయాయి, అటుకులు పోయాయి, అప్పుడది అడిగింది, ఏ రకం నాన్నా ఈ కాయలు, అని, నేను, తేజ అయితే కాదమ్మా, అన్నాను, అంతే, ఇద్దరం వానలో పొట్ట పట్టుకుని నవ్వాం, నవ్వుతూ అంది, నిద్రలో ఉన్నా నాన్నా, నువ్వు అరవక ముందే, చినుకు చప్పుడుకే లేచా, బ్యాంకులో కూడా అంతే, వాన పడితే కౌంటర్లోంచి లేచి నిలబడతా, ఎందుకు లేచావని వాళ్లు అడుగుతారు, ఏం చెప్పను.

వాన పెద్దదైంది, ఇక తడవడానికి మిగిలిందేమీ లేదు గనక ఇద్దరం పట్టా మీదే కూర్చున్నాం, చెరో మూల, వాన మొదటి నుంచి చివరిదాకా నేనెప్పుడైనా చూశానా, కోతలప్పుడు పడే వాన అంటే నాకు పట్టా, రాయి, పరుగు, తిట్లు, అంతేగానీ ఇలా సముద్రం మీద తెల్లగా నడిచి రావడం, కొబ్బరి మట్టల మీద ఒక చప్పుడు, బాదం ఆకు మీద ఇంకో చప్పుడు, ఇసక మీద అసలు చప్పుడే లేకపోవడం, ఇదంతా ఉంటుందని ఎవరు చెప్పారు, ఈ వాన అటే పోతుందేమో, పోతే పోతుంది, నేను కుడికి తిరిగి, బస్సెక్కి, పడవెక్కి చేరేసరికి అది పడాల్సిన చోట పడే ఉంటుంది, కోటేష్ కప్పాల్సింది కప్పే ఉంటాడు, ముక్కు మీద చినుకు పడ్డాకైనా కప్పుతాడు, కల్లంలో నిలబడినా నేను చేసేది ఆకాశం వైపు చూడటమే, అది ఇక్కణ్ణించీ చూస్తున్నాను, ఇదంతా నాకు తెలుసు, తెలిసినా గుండె దడ ఆగలేదు, ఆ దడ ఆగాక ఎడమ వైపు నడుద్దాం అనుకుంటున్నాను, ఎప్పుడు ఆగుతుంది, ముప్పై ఏళ్లుగా ఆగింది లేదు.

వాన తగ్గింది, పట్టా మడవడానికి లేచాం, నేను రెండు మూలలు, అది రెండు మూలలు, విదిలించి, మధ్యకి మడిచి, ఒకరికి ఎదురు ఒకరం నడిచాం, కల్లంలో మడిచినట్టే, నా చేతిలోని మూలలు దాని చేతికి అందించేటప్పుడు దాని చూపు మూలల మీద లేదు, అది కూడా పడమర వైపే చూస్తోంది, మబ్బు ఎటు పోతోందో చూస్తోంది, నాతో అనలేదు, ఇన్ని రోజులూ ఒక్క మాట అనలేదు, నేను దిగులు పడతానని, అంటే ఇదేదీ దానికి వదిలిపోలేదు, నాలాగే అదీ మోస్తోంది, మోస్తూనే బ్యాంకుకి పోతోంది, మోస్తూనే ఇంత దూరం నడిచింది, ఏటవాలుగా పడుకుని నిద్ర కూడా పోయింది, నేనేమో బరువు దించాకే నడవాలనుకుని కూర్చున్నాను, ఇది దిగేది కాదు, దించాల్సిన పనీ లేదు, వీపుకి ఆనించి పెట్టుకోవాలి, అదెప్పుడో చెప్పింది, నేను బ్యాగు గురించే అనుకున్నాను, మడిచిన పట్టా దాని చేతిలోంచి తీసుకుని నా బ్యాగులో పెట్టుకున్నాను, ఎడమ వైపే కదమ్మా, అన్నాను.