మూడో బటన్

మా బావ చెయ్యి లేచేసరికి నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది. అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఫోన్లలో పేరుకుపోయిన ఫొటోలు వెతికిపెట్టే ప్రోగ్రాంకి తెరలు, అంటే మనుషులు చదివే ప్రశ్నలూ నొక్కే బటన్లూ, తయారుచెయ్యడం నా ఉద్యోగం. ఒక్కో ఇంట్లో ముప్పై నలభై వేల ఫొటోలుంటాయి, కావలసినప్పుడు ఒక్కటీ దొరకదు. అవి ఏ మూల ఫోల్డరులో ఉన్నా నా ప్రోగ్రాం లాక్కొచ్చి, ముఖాలను బట్టి కుప్పలు వేస్తుంది. అనుమానం వస్తే రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని అడుగుతుంది. కింద రెండే బటన్లు, అవును, కాదు. "తర్వాత చూద్దాం" అని మూడోది కూడా పెట్టమని ఆఫీసులో అందరూ నెత్తీ నోరూ కొట్టుకున్నారు. తప్పించుకునే దారి ఇస్తే మనుషులు ఏ పనీ తెమల్చరని నేనే పోట్లాడి తీయించాను.

మా పనిలో ఇంకో నియమం ఉంది. కొత్త తెరను ఎవరిచేతనైనా వాడించి చూస్తున్నప్పుడు పక్కనున్నవాళ్లు నోరు విప్పకూడదు. వాళ్లు తడబడినా, దిక్కులు చూసినా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగారో రాసుకోవాలి. అందులో నన్ను మించినవాళ్లు లేరని మా ఆఫీసులో పేరు.

ఆ మధ్యాహ్నం అక్కావాళ్లింట్లో అక్కతో ఆ పని పెట్టుకున్నాను. తన ఫొటోలన్నీ ముందురోజే ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించాను. ట్యాబ్ తన చేతికిచ్చి, అదే బొమ్మ నాకూ కనబడేలా గోడమీది టీవీకి కలిపాను. తన ముఖం రికార్డయ్యేలా ఎదురుగా ఇనప స్టాండు మీద కెమెరా పెట్టాను. సరిగ్గా అప్పుడే టైల్స్ షాపు నుంచి బావ దిగాడు.

"ఏం మరదలా, ఏదో కనిపెట్టావట. మేమూ చూడొచ్చా?" అంటూ సోఫాలో కాళ్లు చాపాడు.

"చూడండి బావా. మధ్యలో మాట్లాడితే మాత్రం బయటికి పంపిస్తా."

ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. బావ ఇంట్లో ఉంటే అక్క కుక్కిన పేనులా ఉంటుంది. అది తన స్వభావమే అనుకునేదాన్ని.

పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత టీవీ నిండా రెండు ముఖాలు వచ్చాయి. ఎడమపక్క పార్కులో నవ్వుతున్న అక్క. కుడిపక్క బాత్రూం అద్దంలో ఎవరో ఆడమనిషి. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవి చీలింది, మెడమీద అయిదు వేళ్లూ నల్లగా తేలాయి. కింద నేను రాసిన ప్రశ్న, ఈ ఇద్దరూ ఒకరేనా?

నా ప్రోగ్రాం అక్కని గుర్తుపట్టలేదు. "అల్లికలు" అనే ఫోల్డరులో, ఊలు దారాల ఫొటోల అడుగున తను నాలుగేళ్లుగా దాచుకున్నదాన్ని తెచ్చి మొగుడి ముందు పరిచింది.

అక్క నావైపు చూసింది. మాట్లాడు అన్న చూపు అది. ట్యాబ్ మీద దాటేసే దారి కోసం వేలు అటూ ఇటూ పాకింది, దొరకలేదు. నేను తల దించుకుని పుస్తకంలో "పద్నాలుగు సెకన్లు" అని రాశాను. భయపడ్డాను. ఆ భయానికి నియమం అని పేరు పెట్టుకున్నాను.

అక్క "కాదు" నొక్కింది.

కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు, తనకి తెలీదు. కొత్త మనిషి అనుకుని, ఆ మనిషివన్నీ ఒకేసారి తెరుస్తుంది. అరవై ఒక్క ఫొటోలు తేదీలతో సహా గోడ నిండా పరుచుకున్నాయి. కమిలిన వీపు, వాచిన దవడ, కాలిన మోచెయ్యి. పైన పెద్ద అక్షరాలతో, అయితే ఈమె ఎవరు?

"ఎవరికి చూపించడానికే ఇవన్నీ?" బావ గొంతు మామూలుగానే ఉంది. లేచి ట్యాబ్ లాక్కుని, దాని అంచుతో అక్క నోటిమీద కొట్టాడు. పన్ను ఊడి నా పుస్తకం మీద పడింది. జుట్టు పట్టి తలను బల్ల అంచుకేసి బాదాడు. రెండోసారి బాదినప్పుడు దవడ విరిగిన చప్పుడు విన్నాను. అడ్డం వెళితే నన్ను గోడకేసి విసిరాడు. అక్క గుండెల మీద మోకాలు పెట్టి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. అక్క మడమలు నేలమీద కొట్టుకుని, నెమ్మదించాయి.

కెమెరాతో సహా స్టాండు ఎత్తాను. మొదటి దెబ్బ వీపుమీద, ఆయన కదల్లేదు. రెండోది మణికట్టు మీద, ఎముక పుటుక్కుమంది. మూడోది చెవిమీద. పక్కకి ఒరిగాక కూడా కొట్టాను. ఆ దెబ్బలకి నాకు ఈరోజుకీ బాధలేదు. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టి లోపలికొచ్చేదాకా ఆపలేదు.

ట్యాబ్ ముక్కలైంది కాబట్టి ఫొటోలు పోయాయనుకున్నాడు బావ. స్టేషన్లో ధీమాగా చెప్పాడట, మరదలే పిచ్చెక్కి కొట్టిందని.

మూడోరోజు ఆస్పత్రికి పోలీసు అధికారి వచ్చింది. కెమెరాలో రికార్డయినది ఆవిడ అప్పటికే చూసింది.

"అన్నీ ఉన్నాయమ్మా. కానీ మొదట్లో అంతసేపు మీరెందుకు మాట్లాడలేదు?"

"పిరికిదాన్నండి," అన్నాను. ఆవిడ అదే రాసుకుంది.

అక్క దవడ తీగలతో కట్టేసి ఉంది. నా ఫోన్ ఇమ్మని సైగ చేసింది. ఆఫీసు కంప్యూటర్లో భద్రంగా ఉన్న తన ఫొటోలు అందులో తెరిచింది. పాత ప్రశ్న కోసం వెనక్కి వెళ్లే దారి కూడా నేను పెట్టలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి మళ్లీ అడిగేలా చేయించాను. రెండు ముఖాలూ వచ్చాయి. ఈసారి అక్క ఎవరివైపూ చూడలేదు, "అవును" నొక్కింది.

అరవై ఒక్క ఫొటోలూ వెళ్లి తన జీవితంలో తేదీల ప్రకారం సర్దుకున్నాయి. మెడమీద వేళ్లు తేలిన ఫొటో పక్కన, మూడురోజుల తర్వాతిది ఒకటుంది. నల్ల కళ్లజోడు, మెడచుట్టూ శాలువా, పక్కన నేను, పగలబడి నవ్వుతూ. ఎండలేని పూట ఈ సోకేమిటే అని ఆరోజు ఎగతాళి చేసింది నేనే.

అక్క వేలు దాని మీద ఆగింది. ఎంతసేపు ఆగిందో నేను లెక్కపెట్టలేదు.

"అక్కా, ఆ కళ్లజోడు ఎందుకు పెట్టుకున్నావు?" అని, ఆరోజు అడగాల్సింది ఇప్పుడు అడిగాను.