ఎడమ సీట్లో గేరు లివరు

విద్యుద్దీపాలన్నీ ఒకే రకం హోల్డరులో ఒదుగుతున్నప్పుడు, ఇంజిన్లన్నిటి వెనుక ముఖానికీ బోల్టు రంధ్రాలు ఒకే తీరున ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్నను ఒక విడిభాగాల కంపెనీకి రాశాను, ధన్యవాదాలు తెలిపారు. ఒక ఇంజనీరును అడిగాను, నవ్వాడు. ఇంకొక ఇంజనీరును అడిగాను. ఆయన నా ఆరోగ్యం గురించి వాకబు చేశాడు.

బేతంచెర్లలో మా పక్కింటి షబ్బీర్‌కు ఒక జీపు ఉంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను ఉదయం నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీకి చేర్చి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దించుతాడు. జీపుకు పుట్టుకతో వచ్చిన ఇంజిను ఎన్నడో పోయింది; ఇప్పుడున్నది ఒక పాత వ్యానుది. ఈ వేసవిలో గేర్‌బాక్స్ కూడా పోయింది. జీపు నిలిచిపోయిన వారమంతా ఆ ఆడవాళ్ళు రాళ్ళ లారీలను ఆపి, ఎక్కి, ఆలస్యంగా పనికి చేరారు. ఇంకొకసారి ఇలా జరిగితే వేరే ఊరివాళ్ళను పెట్టుకుంటానని ఫ్యాక్టరీ యజమాని చెప్పేశాడు. అంటే ఆ జీపు మళ్ళీ ఆగితే వాళ్ళందరి పనీ పోతుంది.

అటువంటి సమయంలో వాళ్ళకు సహాయంగా దొరికింది నేను. కర్నూలు కళాశాలలో ఉద్యోగ విరమణ దాకా జ్యామితి బోధించినదాన్ని కనుక నన్నెవరూ అనుమానించలేదు.

కొత్త గేర్‌బాక్స్‌ను ఇంటర్నెట్‌లో నేనే వెతికాను. ‘ఏ ఇంజినుకైనా సరిపోతుంది’ అని పెద్ద అక్షరాలలో ఉంది. ‘తగిన ప్లేటు ఉన్నట్లయితే’ అని చీమ కాళ్ళంతటి అక్షరాలలో ఉంది. పుస్తకాల చివరి అనుబంధాలను సైతం విడవకుండా చదివే నేను ఆ చిన్న అక్షరాలను విడిచిపెట్టాను. పెట్టె విప్పాక తెలిసింది: ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ నడుమ ఒక ఇనుప పలక కావాలి. దాని ముందు వైపు ఇంజినుకు, వెనుక వైపు గేర్‌బాక్స్‌కు బిగుసుకోవాలి. అది ఎవరికి వారు చేయించుకోవలసిందే.

“కొలతలు తీసేకి కర్నూలు నుంచి మనిషిని పిలుద్దామా, టీచరమ్మా?” అన్నాడు షబ్బీర్.

అవసరం లేదన్నాను. ఇంజిను ముఖానికి మసి కలిపిన గ్రీసు పూయించి, దాని మీద పాలిష్ చేసిన నాపబండను అదిమించాను. రంధ్రాలున్న చోట్లు మసి అంటని చుక్కలుగా తేలాయి. రెండింటి నడిమధ్య గుర్తులూ ఒకేచోట పడేలా చూసి, గేర్‌బాక్స్ ముద్ర కూడా దాని మీదే తీయించాను. కాగితం ముడత పడుతుందనీ, అట్ట సాగుతుందనీ, బండ మాత్రం అబద్ధమాడదనీ ప్రకటించాను.

“ఏం బుర్ర టీచరమ్మా నీది!” అన్నాడు షబ్బీర్. నేను ఖండించలేదు.

నాపబండకు నునుపు ఒక్క వైపే ఉంటుంది. కింది వైపు గరుకు; ముద్ర నిలవదు. అందువల్ల రెండు ముద్రలూ నునుపు వైపునే వేయించాను. గేర్‌బాక్స్ అతికేది పలక వెనుక వైపున గదా, దాని ముద్ర కూడా వెనుక వైపునే ఉండాలి గదా అన్న ఆలోచన నాకు రాలేదు. ఇంటర్ పిల్లలు ఇదే తప్పు చేస్తే సున్నా వేసేదాన్ని. పైగా వాళ్ళ పెద్దలను పిలిపించేదాన్ని.

కర్నూలులో లేతు నడిపే దావీదురాజు ఆ బండను చూసి పలక కోసి పంపాడు. బిగించబోతే బోల్టులు పట్టలేదు. గేర్‌బాక్స్‌ను బాగా ఎడమకు ఒరిగిస్తే అన్నీ పట్టాయి. దానితోపాటు గేరు లివరు కూడా ఒరిగి, డ్రైవరు చేతికి అందకుండా ఎడమ సీట్లో కూర్చున్నవారి మోకాళ్ళ నడుమ లేచింది.

దావీదురాజుకు ఫోను చేసి నిలదీశాను.

“నువ్వు పంపిన బండ ఎట్లుంటే అట్లే కొట్టినాం తల్లీ. బండ మాత్రం శానా నున్నగా ఉండాది. మా ఇంట్లో కడుక్కోని చపాతీలు వత్తుకుంటాండారు.”

పలక మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. రెండు రోజులు జీపు ఆగాలి. ఆగితే పని పోతుంది. కనుక మర్నాడు జీపు కదలవలసిందే, ఎడమ సీట్లో ఎవరో ఒకరు కూర్చోవలసిందే. పాలిష్ మిషను దగ్గర పనిచేసే ఫిరోజాను అడిగాను.

“నువ్వు చేసిన ఘనకార్యం నువ్వే తిప్పుకో టీచరమ్మా,” అంది.

తిప్పుతున్నాను. షబ్బీర్ క్లచ్చు తొక్కి కేక వేస్తాడు, నేను లివరు కదుపుతాను.

“రెండు, టీచరమ్మా!”

“రెండు ముందుకా, వెనక్కా?”

“ఎనక్కి! ఎనక్కి అంటాండా!”

ఒకసారి మూడుకు బదులు ఒకటి వేశాను. జీపు ఎగిరిపడింది.

“పాఠం మళ్ళా మొదటినుంచి చెప్తాండావా?” అని వెనుకనుంచి ఫిరోజా. జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను, మర్యాద కోసం.

మొన్న గని దగ్గరి ఎత్తు మీద ఎవరూ నవ్వలేదు. ముందు రాళ్ళ లారీ ఆగింది. నాకు గేరు పడలేదు. జీపు వెనక్కి జారింది. షబ్బీర్ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. లోయ అంచున ఆగాం.  ఫిరోజా ఒక్క మాటే అంది.

“టీచరమ్మా, ఎగతాళి సాలు. మా పిల్లోళ్ళు ఇండ్లల్లో ఉండారు.”

సరైన పలక బొమ్మను రాత్రికి రాత్రే గీశాను, ఈసారి రెండు వైపులా. దావీదురాజు కోసి పెట్టాడు. దాన్ని బిగించడానికి జీపు ఆగే రెండు రోజులూ వాళ్ళను పనికి చేర్చడానికి మరో బండి మాత్రం ఇంకా దొరకలేదు. కడపలో నా పాత సహోద్యోగి పద్మప్రియను అడిగాను. ఆమె వ్యాను కదలక నెలలైంది. సీట్లకు రాతిపిండి అంటుతుందట, ఆలోచించి చెబుతుందట. మిగిలిన వాళ్ళూ ఆలోచిస్తున్నారు. మా సీమలో ఇంత ఆలోచన జరుగుతోందని నాకు తెలియదు.

ఇది చదువుతున్న మీ వాకిట్లో కూడా గుడ్డ కప్పిన బండి ఒకటి ఉంది. రాతిపిండి అంటే అంటుతుంది, దాన్ని నేనే తుడుస్తాను. కథ బాగుందని నాకు రాయకండి. లేచి, ఆ గుడ్డ తీసి, తాళాలు షబ్బీర్‌కు పంపండి.