మా ఆయన వేలు, పాప టీకా

మా ఆయనది సెలూన్. కుడిచేతి ఉంగరపు వేలు అరచేతిలోకి వంగిపోయింది. కత్తెర తెరవాలంటే వేలు చాచాలి, అది సాగదు. అత్త రోజూ నూనె రాసి లాగేది.

"అమ్మా, అది వేలు. బావి చేద కాదు" అని ఆయన నవ్వేవాడు.

డాక్టరు చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇదీ. అరచేతి చర్మం కింద పొర మందమై, తాడులా బిగుసుకుని వేలిని లాగేస్తోంది. గాయమేమీ లేకపోయినా ఉందనుకుని, ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు అక్కడ చేరి ఆ పొరని పెంచుతున్నాయేమోనట.

"ఇంకా పూర్తిగా తేలలేదమ్మా. వంశంలో ఉంటే పిల్లలకీ రావచ్చు" అన్నాడు. మా మామగారి చెయ్యీ అంతే.

నేను ఇంటికి మోసుకొచ్చిన మాట ఒక్కటే. రోగాలతో పోరాడేవే చెయ్యి వంచాయి. మర్నాడు పాపకి తట్టు టీకా. టీకా అంటే వాటిని నిద్ర లేపడమే కదా. ఏడో తరగతితో చదువాగిన నాకు ఆ లెక్క సరిగ్గానే కుదిరింది. వెళ్ళలేదు. గిన్నెలు తోముతూ ఉండిపోయాను, చేతులు నావి కానట్టు.

క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు.

"ఎందుకు తీసుకెళ్ళలేదే?"

చెప్పాను.

"నా వేలు చూసి పాపకి సూది మానిపించావా! ఒకడి తలలో పేలుంటే నా గిరాకీలందరికీ గుండు కొట్టేస్తావు నువ్వు."

"నోరులేని పిల్ల మీదా మీ సొంత వైద్యాలు?" అంది అత్త. "పక్క వీధిలో ఇద్దరికి తట్టు పోసిందట. లేవండి."

క్లినిక్‌కి వెళ్ళి నర్సుకీ నా భయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"టీకా ఆ ఒక్క జబ్బుని గుర్తుపట్టడం నేర్పుతుందమ్మా. దానివల్ల వేళ్ళు వంగవు. మీ ఆయనది వేరే సంగతి."

"రేపు పెద్దయ్యాక దీని వేళ్ళు కూడా వంగితే?"

"అప్పుడు చూపిద్దాం. తట్టు మాత్రం ఇప్పుడే ఉంది, మీ పక్క వీధిలో. చెయ్యి కదలకుండా పట్టుకోండి."

ఆయన పట్టుకోబోయాడు. అరచెయ్యి పాప చేతికి సరిగ్గా ఆనలేదు. నేను పట్టుకున్నాను. సూది దిగింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు.

"అయిపోయింది, వదలండి" అంది నర్సు.

సరే అన్నాను, పాప చెయ్యి మాత్రం వదల్లేదు. ఆవిడ ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.