ఆకుపొట్లం వేలం

రబ్బరు తోటలో ఆ పద్నాలుగు చెట్లూ ఇప్పుడు లేవు. పాలు తగ్గిపోయాయని పోయిన వేసవిలో కొట్టించేశారు. వాటి చోట అనాస మొక్కలు వరసలు తీరి కూర్చున్నాయి. అయినా ఆ దారిన వెళ్లినప్పుడల్లా మెరిన్ అడుగు నెమ్మదిస్తుంది. ఇక్కడ వర్కిచ్చన్ ఉండేవాడు, ఆ పక్కన చర్చి ఫాదరు అచ్చన్, ఇదిగో ఈ వంకర చెట్టు కుంజన్నమ్మ అమ్మచ్చి, ఆ చివర రాతిగట్టు దగ్గర చెవిటి ఊమ్మన్ అని లోలోపలే లెక్క చెప్పుకుంటుంది. చెట్లకు ఆ ఊరివాళ్ల పేర్లు పెట్టింది ఇట్టి అప్పచ్చన్.

అప్పటికి మెరిన్‌కు పదమూడేళ్లు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో బియ్యం డబ్బా వెనక దూరే పిల్ల. బళ్లో హాజరు పిలిస్తే చెయ్యి లేపేది తప్ప నోరు తెరిచేది కాదు. "దీని నోట్లో ముత్యాలున్నాయి కాబోలు, రాలిపోతాయని తెరవదు" అనేది వాళ్ల అమ్మమ్మ. పొద్దున్నే చెంబుతో పాలు పోయడానికి పక్కింటి ఇట్టి అప్పచ్చన్ దగ్గరికి వెళ్లడం ఒక్కటే ఆ పిల్ల తనంతట తాను చేసే పెత్తనం.

ఇట్టి అప్పచ్చన్ రబ్బరు చెట్లు గీసే మనిషి. కానీ ఊళ్లో ఆయన పేరు నిలిచింది గీతకత్తి వల్ల కాదు, గొంతు వల్ల. ఏటా తొలిపంట పండుగనాడు ప్రతి ఇంటివాళ్లూ తమ పెరట్లో పండిందేదో ఒకటి చర్చికి తెచ్చిస్తారు. కోడిపుంజు, అరటిగెల, కంద, కొబ్బరికాయలు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక ఆవరణలో పందిరి కింద అవన్నీ వేలం వేస్తారు. ఆ డబ్బుతోనే ఊళ్లో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు నర్సమ్మ జీపులో తిరుగుతుంది. ఏ మతంవాళ్లయినా, ఏ గడపయినా సరే. ముప్పై ఏళ్లపాటు ఆ వేలం వేసింది ఇట్టి అప్పచ్చన్. తెచ్చినవాళ్ల ఇంటిపేరు, మనిషి పేరు, వస్తువు పుట్టుపూర్వోత్తరం చెప్పి మరీ పిలిచేవాడు. తర్వాత గొంతులో గడ్డ లేచింది. కోసి తీసేశారు. ఎండుటాకుల మీద బల్లి పాకినట్టు ఒక గుసగుస మాత్రం మిగిలింది.

ఆ మరుసటి ఏడు చర్చి ట్రస్టీ వర్కిచ్చన్ కొట్టాయం పట్నం నుంచి ఒక మిమిక్రీ ఆయన్ను పిలిపించాడు. ఆయన సినిమా హీరోల గొంతులతో కోళ్లనూ గెలలనూ అమ్మాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కానీ చిన్న చిన్నవి, నాలుగు జాంకాయలు, రెండు బాతుగుడ్లు, ఒక కరివేపాకు కట్ట, కుంజన్నమ్మ తెచ్చిన గుప్పెడు కాంతారి మిరపకాయలు, అన్నీ ఒక బుట్టలో పోసి "ఇదిగో కలగూరగంప" అని ఒక్క పాటలో కొట్టేశాడు. ఎవరి పేరూ చదవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పై ఏడు పండుగ దగ్గర పడుతుంటే మాత్రం ఆ ఇళ్లవాళ్లంతా ఒకే మాట అన్నారు. "మా పెరట్లో ఈసారి ఏమీ కాయలేదు."

ఇట్టి అప్పచ్చన్ ఆ మాట విని అచ్చన్ దగ్గరికి వెళ్లాడు. మెరిన్‌ను వెంట తీసుకెళ్లాడు, ఆయన గుసగుసను పైకి చెప్పడానికి.

"చిన్నవాటికి విడిగా ఒక బల్ల, ఒక అరగంట కావాలంటున్నారు" అని మెరిన్ నేల చూపులు చూస్తూ చెప్పింది.

వర్కిచ్చన్ అక్కడే ఉన్నాడు. "ఇట్టిచ్చాయా, వేలం వేసేదెవరు? నువ్వు వేస్తే నీ మీసానికే వినపడదు."

ఇట్టి అప్పచ్చన్ నవ్వి మెరిన్ వైపు వేలు చూపించాడు. ఆ పిల్ల ఆయన వెనక్కి జరిగింది.

"ఇదా? దీని గొంతు ఎలా ఉంటుందో వీళ్ల నాన్నకైనా తెలుసా?"

అప్పచ్చన్ ఏదో అన్నాడు. మెరిన్ ఆ మాట పైకి చెప్పలేదు. అచ్చన్ వంగి, తనే విని, చెప్పాడు. "నా మాట మళ్లీ అడగకుండా వినేది ఈ పిల్ల ఒక్కతే, వినడం వచ్చినవాళ్లకు చెప్పడం నేర్పొచ్చు అంటున్నాడు." కాసేపు గడ్డం నిమురుకుని అచ్చనే తీర్పు కూడా చెప్పాడు. "సరే, అరగంట. కుదిరితే చిన్న బల్ల ఏటా ఉంటుంది. కుదరకపోతే ఇక మొత్తం కొట్టాయం ఆయనదే. మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

అలా మొదలైంది చదువు. చెట్లు గీయడం అయ్యాక, బడికి వెళ్లేలోపు, తోటలోనే. ఇట్టి అప్పచ్చన్ బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. మెరిన్ మొదటి చెట్టు ముందు నిలబడి చేతిలో ఉన్న దేన్నో ఒకదాన్ని వేలం వేయాలి. కొబ్బరి చిప్ప, గీతకత్తి, ఒకరోజు ఆయన చెప్పు.

"చివరి చెట్టుకు వినపడాలి. మొదటి చెట్టు ఉలిక్కిపడకూడదు" అనేవాడు.

"చివర ఉన్నది చెవిటి ఊమ్మన్ కదా అప్పచ్చా?"

"అందుకే వాణ్ణి అక్కడ పెట్టాను."

ఒక మాట ఒక చెట్టును చూసి అనాలి. మాట పూర్తయ్యేదాకా ఆ చెట్టును వదలకూడదు. ఊరికే పొగడకూడదు. ఒకరోజు మెరిన్ ధైర్యం తెచ్చుకుని "బంగారంలాంటి గుమ్మడికాయ" అనగానే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. "బంగారమే అయితే వాడే అమ్ముకునేవాడు. గుమ్మడికాయను గుమ్మడికాయ అను. ఎలా కాసిందో చెప్పు."

"ఎలా కాసిందో నాకేం తెలుసు?"

"వెళ్లి అడుగు."

అడగడానికి ఇంటింటికీ వెళ్లింది. మొదటి మూడు ఇళ్ల దగ్గర గేటు పట్టుకుని నిలబడి వెనక్కి వచ్చేసింది. నాలుగోది కుంజన్నమ్మ అమ్మచ్చి ఇల్లు. ఆవిడే చూసి "దొంగలా ఏమిటే, లోపలికి రా" అని కూర్చోబెట్టి, ఉడికిన కర్రపెండలం ముక్కలూ ఉల్లికారమూ పెట్టింది. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పింది. పిచ్చుకలకు కూడా సరిపోవు, ఈసారి తేను అన్న ఆ మిరపకాయలనే, పిల్ల అడిగాక, తెస్తానంది. మెరిన్ అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. మిగతా ఇళ్లు ఆ తర్వాత అంత కష్టం కాలేదు. పండుగనాటికి పుస్తకంలో పన్నెండు ఇళ్లు చేరాయి.

ముందురోజు పొద్దున ఇట్టి అప్పచ్చన్ ఇంకొక్క మాట చెప్పాడు. "దేవుడికిచ్చింది ఇచ్చినవాళ్ల ఇంటికే తిరిగి పోకూడదు. పోయిందంటే నీది మాకొద్దని ఊరు అన్నట్టే. ముప్పై ఏళ్లలో నా చేతిమీద ఒక్కసారి కూడా అలా జరగలేదు. మూడోసారి అనేముందు పాడిందెవరో చూడు."

పండుగనాడు పందిరి నిండింది. శొంఠి వేసిన చుక్కుకాపి గ్లాసులు తిరుగుతున్నాయి. పెద్ద బల్ల దగ్గర కాళ్లు కట్టిన పుంజులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. చిన్న బల్ల మీద పన్నెండు వస్తువులు. మొట్టమొదటిది వెడల్పాటి వట్టాకులో చుట్టిన కుంజన్నమ్మ మిరపకాయలు.

మెరిన్ చేతికి మైకు ఇచ్చారు. ఎదురుగా ఉన్నవి చెట్లు కావు. చెట్లకు కళ్లుండవు. ఆ పిల్ల నోటుబుక్కు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని, రాసుకున్నది చదవడం మొదలుపెట్టింది. ఆ మాటలు పుస్తకానికే తగిలి అక్కడే రాలిపోయాయి.

"వేలం వేయమంటే ప్రార్థన చదువుతుందేమిటి?" అన్నారెవరో.

"పది రూపాయలు" అంది మెరిన్ పుస్తకం వెనకనుంచి. ఎవరూ పలకలేదు. "పది" అంది మళ్లీ. అప్పుడు ముందువరసలోంచి ఎవరో నెమ్మదిగా "ఇరవై" అన్నారు. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని "ఇరవై ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని ఒక్క ఊపిరిలో కొట్టేసింది.

పుస్తకం దించి చూస్తే, పొట్లం అందుకోవడానికి లేచి నిలబడింది కుంజన్నమ్మ.

"అమ్మచ్చీ, నీ మిరపకాయలు నువ్వే కొనుక్కున్నావా?" వెనక నుంచి ఒక నవ్వు.

"పిల్ల గొంతు ఎండిపోతోంది కదా అని అన్నాను. పైన ఇంకెవరైనా పాడతారనుకున్నాను" అంది ఆవిడ. పొట్లం చేతిలో పట్టుకుంది గానీ దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు కొంగు వెతుక్కుంటోంది.

వర్కిచ్చన్ గడియారం చూసుకున్నాడు. "చాల్లే మోళే, ఇక తప్పుకోమ్మా. కొట్టాయం ఆయన కారు వచ్చేసింది. మిగతావి ఆయనే చూసుకుంటాడు."

మెరిన్‌కు పారిపోవాలనిపించింది. ఇంటికి పోయి బియ్యం డబ్బా వెనక కూర్చుని మళ్లీ బయటకు రాకూడదనిపించింది. దారి కోసం చూస్తే, పందిరి చివరి గుంజ దగ్గర, ఊమ్మన్ పక్కన, ఇట్టి అప్పచ్చన్ నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. చెయ్యి చెవి దగ్గర దొప్పలా పట్టుకున్నాడు. తోటలో మాట అందనప్పుడు అలాగే పట్టుకునేవాడు.

ఆ పిల్ల నోటుబుక్కు మూసి బల్ల కింద పెట్టింది.

"ఆగండి" అంది. "తప్పు నాది. మీ మొహాలు చూడాలంటే భయమేసి పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. పాడింది అమ్మచ్చి అని చూడలేదు. అమ్మచ్చీ, ఆ పొట్లం మళ్లీ బల్ల మీద పెడతారా?"

కుంజన్నమ్మ అచ్చన్ వైపు చూసింది. అచ్చన్ తలూపాడు. పొట్లం బల్ల మీదికి వచ్చింది.

మెరిన్ ముందు వర్కిచ్చన్‌ను చూసింది. "ఈ మొక్కను ఎవరూ నాటలేదు. పిట్ట వేసిన గింజ." తర్వాత అచ్చన్‌ను చూసింది. "అమ్మచ్చి వాళ్లాయన మత్తాయి అప్పచ్చన్ రెండేళ్లు మంచం మీద ఉన్నారు కదా. వారానికి రెండుసార్లు నర్సమ్మ వచ్చి ఒళ్లు తుడిచేది. ఆ నీళ్లు కిటికీలోంచి పారబోసేవారు." కుంజన్నమ్మను చూసింది. "ఆ నీళ్లకే కిటికీ కింద ఈ మొక్క లేచింది. ఆయన పోయాక కాయడం మొదలుపెట్టింది. అమ్మచ్చి ఇంతవరకూ ఒక్క కాయ కూడా కూరలో వెయ్యలేదు." అప్పుడు చివరి గుంజను చూసింది. "చాలా కారంగా ఉంటాయి. నేను తిని చూశాను. పది రూపాయలు."

వెనకనుంచి, చెవిటివాళ్లు అరిచినట్టే, పెద్ద కేక. "యాభై."

అది ఊమ్మన్. ఆ చెవిటాయనకే వినపడి పాడాడంటే ఊరంతటికీ వినపడినట్టే.

ఊమ్మన్ వచ్చి పొట్లం విప్పి ఒక్క కాయ తీసుకుని మిగతాది బల్ల మీదే పెట్టేశాడు. "మళ్లీ వేలం వెయ్యి. నాకు ఒకటి చాలు, పైల్స్ ఉన్నాయి." పందిరంతా నవ్వింది. రెండోవాడు వంద పాడి అలాగే ఒక్క కాయ తీసుకున్నాడు. ఆ తర్వాత అదే పద్ధతయిపోయింది. వర్కిచ్చన్ కూడా గొణుక్కుంటూ ఒకటి కొన్నాడు. ఆఖరి కాయను పాడింది అప్పుడే లోపలికి వచ్చి నిలబడ్డ మిమిక్రీ ఆయన. కొని, నలుగురూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలాడు. ఏ హీరో గొంతూ రాలేదు. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి.

"నీళ్లు, నీళ్లు" అని, తాగి, ముక్కు తుడుచుకుని, "ఇంకా ఎన్ని ఉన్నాయి పాపా?" అని అడిగాడు.

"పదకొండు."

"అయితే నేను టీ తాగొస్తాను. నెమ్మదిగా కానియ్యి."

ఆ అరగంట గంటన్నర అయింది. అచ్చన్ ఎవరినీ ఆపలేదు. చిన్న బల్ల ఏటా ఉంటుందని ఎవరూ ప్రకటించలేదు కూడా. మరుసటి ఏడు వర్కిచ్చనే దాన్ని మోసుకొచ్చి పందిరిలో వేశాడు.

ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు మెచ్చుకుంటాడేమోనని మెరిన్ ఇట్టి అప్పచ్చన్ పక్కనే నడిచింది. తోటలో వంకర చెట్టు దగ్గర ఆయన ఆగాడు.

"ఊమ్మన్‌కు వినపడింది. కానీ వర్కిచ్చన్ ఉలిక్కిపడ్డాడు. కాస్త తగ్గించు."

"అంతేనా అప్పచ్చా?"

"ఇంకోటి. మూడోసారి అనేముందు ఊపిరి తీసుకో. మొహాలు కనపడేది ఆ ఊపిరిలోనే."

రెండు పండుగలు చూశాడు ఆ తర్వాత. ఆఖరి నెలల్లో నర్సమ్మ జీపు ఆయన గుమ్మం ముందే ఆగేది. గుసగుస కూడా పోయాక, మెరిన్ పాల చెంబు కింద పెట్టి, ఆ ఏడు ఎవరేం తెస్తున్నారో మంచం పక్కన నిలబడి వేలం వేసి వినిపించేది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గదిలో ఉన్నది ఇద్దరే అయినా.

ఇప్పుడు మెరిన్‌కు పదిహేడు. బళ్లో ఇప్పటికీ పెద్దగా మాట్లాడదు. చుట్టాలొస్తే ఇప్పటికీ వంటింట్లోనే పని వెతుక్కుంటుంది. చిన్న బల్ల దగ్గర మాత్రం పుస్తకం లేకుండా నిలబడుతుంది. ఒకటోసారి అంటుంది, రెండోసారి అంటుంది, ఆగుతుంది. కొత్తగా వచ్చిన అచ్చన్ ఆ ఆగడాన్ని ఈ పిల్ల వేలంలో అందం అనుకుంటాడు. ఊరిని రెచ్చగొట్టే యుక్తి అంటాడు వర్కిచ్చన్.

ఆ ఒక్క ఊపిరిలో మెరిన్ ఒక్కొక్క మొహాన్నే చూసుకుంటూ పోతుంది. వర్కిచ్చన్, కుంజన్నమ్మ, ఊమ్మన్. ఆఖర్న, ఊమ్మన్ పక్కన ఖాళీగా ఉన్న గుంజ వైపు కూడా ఒకసారి చూసి, అప్పుడంటుంది మూడోసారి.